బుల్లిరాజు అంటు

కడియం,
ఏప్రిల్ 6, 2025.

మావయ్య గారికి,

దుర్గ నమస్కారాలు. అమ్మా నేనూ కులాసా. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, ఎప్పటిలాగే మందు రాయించుకోనంటోంది.

ఫోను చేస్తే మీకు వినపడదు. మెసేజ్ పెడితే అది దేవిశ్రీ వదిన ఫోనుకి వెళ్తుంది, ఆవిడ మీ చెవిలో అరిచి చెప్పేసరికి సామర్లకోట అంతా వింటుంది. వ్యాపారం సంగతి కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే ఆ అమ్మాయి సొరుగంతా వెతికి ఇచ్చింది.

మీరు వెళ్ళాక మన నర్సరీ రోడ్డు చాలా మారింది. పక్క నర్సరీ గణేష్‌బాబు ఇంకో ఎకరం కూడా కలుపుకున్నాడు. ముందు భాగంలో పూల ఉయ్యాల, హృదయం ఆకారంలో ఫొటోల చట్రం, కాఫీ కొట్టు పెట్టాడు. జనం అక్కడ దిగి ఫొటోలు తీసుకుని, కాఫీ తాగి, మొక్కలూ అక్కడే కొంటున్నారు. మన దగ్గరికి ధర అడగడానికి వస్తారు. నేను అంటుకి పది రూపాయలు తగ్గిస్తే మర్నాడు అతను పదిహేను తగ్గించాడు. నేను రంగు కుండీలు తెచ్చాను, అతను అంతకంటే పెద్దవి తెచ్చాడు. తలుపులమ్మ అంటు కడుతుంటే వీడియో తీసి పెట్టాను. రెండొందల మందికి నచ్చింది, చూస్తే అందులో నూట తొంభై మంది నర్సరీల వాళ్ళే.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. వాళ్ళ దగ్గర లేనిది, మన దగ్గర ఉన్నది ఏమిటి అని. మీరు.

మామిడి అంటు ఏ నర్సరీలో చూసినా ఒకటే. జానెడు కాండం, పది ఆకులు, మధ్యలో ప్లాస్టిక్ రిబ్బను కట్టు. అది బంగినపల్లో కలెక్టరో కొన్నవాడికి తెలిసేది మూడు నాలుగేళ్ళకి, కాయ కాశాక. అప్పుడొచ్చి అడిగితే మీ నేల అలాంటిదంటారు. అందుకే ఈ రోడ్డు మీద ఎవడూ రకానికి కాగితం మీద మాట ఇవ్వడు. నా చిన్నప్పుడు పక్క నర్సరీల వాళ్ళు అనుమానం వస్తే అంటు కట్టే పుల్లల కట్ట పట్టుకుని మీ దగ్గరికే వచ్చేవాళ్ళు. మీరు బెరడు గోటితో గీకి, వాసన చూసి, ఇది ఫలానా అని చెబితే నాన్నతో సహా ఎవరూ మారు మాట్లాడేవాళ్ళు కాదు.

అందుకని ప్రతి మొక్కకీ ఒక ట్యాగు కడదామనుకుంటున్నాను. 'బుల్లిరాజు అంటు. చెప్పిన రకమే కాస్తుంది. కాయకపోతే పూచీ మాది.' దాంతోపాటు సంతకం పెట్టిన కాగితం కూడా. గేటు దగ్గర బోర్డు మీద మీ పేరు, వాసనతో రకం చెప్పే మనిషని రెండు ముక్కలు.

స్థలం కౌలు డిసెంబరుతో అయిపోతుంది. ఆసామి ఇప్పటికే గణేష్‌బాబుతో మాట్లాడుతున్నాడని విన్నాను. ఈ వానాకాలం అమ్మకం బాగుంటేనే మనకి మళ్ళీ ఇస్తాడు. నాన్న ముప్ఫై ఏళ్ళు కూర్చున్న చోటు నా చేతిలో పోవడం నాకు ఇష్టం లేదు. సరేనని ఒక్క ముక్క రాయండి చాలు.

మీ
దుర్గ

---

సామర్లకోట,
ఏప్రిల్ 14.

చిరంజీవి దుర్గకు,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం పోస్టుమాను నా చేతికే ఇచ్చాడు. మనవరాలు దాన్ని తిరగేసి చూసి ఇదేమిటి తాతయ్యా అంది.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మేడ మీద వాటా కాబట్టి చేతికి మట్టి తగలదు. మా అమ్మాయి రెండు కుండీల్లో మనీప్లాంటు పెంచుతోంది, నేను రోజుకి మూడుసార్లు నీళ్ళు పోసి ఒకదాన్ని చంపేశాను. కింద వాటా వాళ్ళు ఎండు చేపలు వేయిస్తే ఈవిడ కిటికీలు దబదబా వేసేస్తుంది. పోనీలెద్దూ, తిననీ అంటాను నేను. ఎవరి తిండి వాళ్ళది.

ఇక నీ ట్యాగు సంగతి. ఆలోచన మంచిదే, నీ తెలివితేటలు మా బావగారివి. కానీ నా పేరు వద్దు. నేను కత్తి వదిలి మూడేళ్ళు కావస్తోంది. కట్టేది తలుపులమ్మ, పేరు నాదీ అంటే అది మొదటి అబద్ధం. పైగా కాయ కాసేవరకు పూచీ అంటే నాలుగేళ్ళ మాట. నాలుగేళ్ళకి ఎవరు ఉంటారో ఎవరు పోతారో.

దానికి బదులు నేను చెప్పేది చెయ్యి. గొయ్యి ఎంత తవ్వాలో, కట్టు ఎప్పుడు విప్పాలో, మొదటి ఏడు పూత ఎందుకు తుంచెయ్యాలో ఒక కాగితం అచ్చువేసి ప్రతి మొక్కతోనూ ఇవ్వు. కొబ్బరి మామిడి సముద్రపు గాలి తగిలే చోట సరిగా రాదు, అలాంటి వాళ్ళు అడిగితే అమ్మనని చెప్పు. అమ్మనన్న నర్సరీని జనం గుర్తుపెట్టుకుంటారు.

నా కళ్ళు ఆనక నేను మానేశానని అందరికీ తెలుసు. కళ్ళు ఆనని మనిషి పేరు బోర్డు మీద రాస్తే గణేష్‌బాబు నవ్వుతాడు. పేరు కొట్టేయి.

చెల్లాయిని మందు రాయించుకోమను. నేను చెప్పానని చెప్పు.

మావయ్య
బుల్లిరాజు

---

కడియం,
మే 22.

మావయ్య గారికి,

నమస్కారాలు. మీ మాట సగం విన్నాను. గొయ్యి కాగితం అచ్చు వేయించాను, చాలా బాగుందంటున్నారు. పేరు మాత్రం కొట్టెయ్యలేదు. తలుపులమ్మకి నేర్పింది మీరు, ఆవిడ కట్టు కడితే మీ కట్టులాగే ఉంటుంది. ఇందులో అబద్ధం ఏముందండి? మీకు మొహమాటం ఎక్కువ, అంతే. పదిహేను రోజుల క్రితమే బోర్డు పెట్టేశాను, కోప్పడకండి.

పెట్టిన మూడో రోజు నుంచే తేడా తెలిసింది. కాఫీ తాగి అక్కడి నుంచి లేచి మన బోర్డు చదివి లోపలికి వస్తున్నారు. ఈయన ఇంకా ఉన్నారా అని అడుగుతున్నారు. సామర్లకోటలో ఉన్నారండి, మా మేనమామ అంటున్నాను.

అసలు సంగతి ఇది. రాజమండ్రి ఉదయభాస్కర్ గారని, పొలాన్ని ప్లాట్లు వేసి ప్లాటుకి నాలుగు మామిడి మొక్కల చొప్పున వేసి అమ్ముతున్నారు. ఎనిమిది వందల అంటులు కావాలి, సగం కొబ్బరి, సగం బంగినపల్లి. గణేష్‌బాబు దగ్గరా అడిగారు. నా పూచీ కాగితం చూసి, ఇది నా ప్లాటు కొనేవాళ్ళకి చూపించుకోవచ్చు అన్నారు. జూన్ 14న వచ్చి సంతకాలు చేస్తారు. ఈ ఒక్కటి కుదిరితే ఆసామి ముందు తలెత్తుకుని కూర్చోవచ్చు.

ఈ సంతోషంలో ఒక చిరాకు. మొన్న తణుకు నుంచి గంగాధర్ గారని కిరాణా కొట్టాయన వచ్చాడు. చేతిసంచిలోంచి చిన్న ఆవకాయ సీసా తీసి బల్ల మీద పెట్టాడు. మన దగ్గర కొన్న కొబ్బరి మామిడి చెట్టు ఈ ఏడు మొదటి కాపు కాసిందట. ఆ రకం కాయ ముక్క ఏడాదయినా కరకరలాడాలి కదా, ఇరవై రోజులకే మెత్తబడిపోయింది, ఇది కొబ్బరి కాదు అంటాడు. పూచీ బోర్డు చూసుకుని వచ్చినట్టున్నాడు అనుకున్నాను. ఉప్పు తక్కువై ఉంటుందండి, కాయ తడి ఆరకుండా కలిపినా అంతే అన్నాను.  సీసా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఇలాంటివాళ్ళు ఇంకెంతమంది బయల్దేరతారో.

మీ
దుర్గ

---

సామర్లకోట,
మే 27.

దుర్గా,

ఆ తణుకు ఆయన మొక్క ఎప్పుడు కొన్నాడు? బిల్లు చూసి నెలతో సహా రాయి.

చెట్టు మీద పండిన కాయ ఏ రంగు తిరిగిందో అడుగు. తొడిమ దగ్గర భుజం మీద ఎరుపు వచ్చిందా, లేక మొత్తం పసుపేనా. పండు తిన్నప్పుడు ఎలా ఉందో కూడా అడుగు. ఆ సీసా పారేస్తే పారేశావు, ఉంటే ఒక ముక్క నువ్వే కొరికి చూడు.

వెంటనే రాయి.

మావయ్య

---

కడియం,
జూన్ 1.

మావయ్య గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరంలో ఆశీస్సులు కూడా లేవు, ఏమైందోనని అమ్మ కంగారుపడింది.

మీరడిగినవి. గంగాధర్ గారు కొన్నది 2022 జూలై, రెండు మొక్కలు. రంగు సంగతి కనుక్కుందామని ఫోను చేస్తే ఆయన భార్య రత్నమాణిక్యం గారు ఎత్తారు. నేను ఎవరో చెప్పగానే ఆవిడ గొంతు మారింది. 'ఉప్పు తక్కువైందని చెప్పింది మీరేనా అమ్మా? నాకు పెళ్ళయి ముప్ఫై ఒక్క ఏళ్ళు, మా అత్తగారి చేతి కింద మొదలుపెట్టాను' అన్నారు.  నేను నోరు జారానని అప్పుడు తెలిసింది. మన వైపు ఆడదానితో ఆవకాయలో ఉప్పు సంగతి ఎత్తకూడదని ఆ పూట నాకు ఎందుకు గుర్తు రాలేదో.

భుజం మీద ఎరుపు వచ్చిందట, బాగా. పండు తియ్యగా ఉంది, చక్కటి వాసన వేసింది, కానీ నేను వాసన కోసం కొనలేదు అన్నారు. సీసా తలుపులమ్మ పారేయలేదు. ఒక ముక్క తిన్నాను. కారం, ఉప్పు అన్నీ సరిపోయాయి. ముక్క మాత్రం మెత్తగా ఉంది. తలుపులమ్మ తిని, సువర్ణరేఖతో పెట్టినట్టుందండి అంది.

మొక్క ఒకటి తేడా రావడం ఏ నర్సరీలోనైనా ఉంటుంది. ఆయనకి రెండు కొత్త మొక్కలు పంపి సరిపెడతాను. ఇంతకీ మీరు ఇన్ని ఆరాలు ఎందుకు తీస్తున్నారు? పద్నాలుగో తేదీ దగ్గరకొచ్చింది. ఇప్పుడు నన్ను భయపెట్టకండి.

మీ
దుర్గ

---

సామర్లకోట,
జూన్ 5.

చిరంజీవి దుర్గకు,

మావయ్య ఆశీస్సులు. ఇది చదివాక అవి నీకు అక్కర్లేకపోవచ్చు.

తేడా వచ్చింది ఒక మొక్క కాదు. ఎన్నో నాకే తెలియదు. నువ్వు సంతకం పెట్టేలోపు చెప్పాలని రాస్తున్నాను. ఏప్రిల్లోనే చెప్పవలసింది. కళ్ళని అడ్డం పెట్టుకున్నాను. నా కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. పోయింది ముక్కు.

కరోనా రెండో ఏడు మే నెలలో బావా నేనూ పక్కపక్క మంచాల మీద ఉన్నాం. ఆయన రాలేదు, నేను వచ్చాను. ఇంటికొచ్చిన మూడో రోజు మీ అమ్మ కాఫీ ఇస్తే వేడినీళ్ళు ఇచ్చిందనుకున్నాను. నెలలో తిరిగొస్తుందన్నారు, రాలేదు. ఇప్పటికీ లేదు. అగరుబత్తి ముక్కుకి ఆనించుకున్నా ఏమీ లేదు.

ఆ ఆగస్టులో అంటులు కట్టాలి. కొబ్బరి పుల్లలు ఒక తోట నుంచి, సువర్ణరేఖ ఇంకో తోట నుంచి వచ్చాయి. ఆకులు వారం ముందే తుంచేసినవి, ఉత్త పుల్లలు. వాన పడుతుంటే కూలీలు రెండు బస్తాలూ విప్పి ఒకే తొట్టిలో తడిపారు. వాళ్ళ తప్పు లేదు. ఎన్నిసార్లు కలిసిపోలేదు, ఎన్నిసార్లు నేను కూర్చుని విడదీయలేదు. ఆ ధైర్యంతోనే పోశారు.

ఆరు వందల పుల్లలు ముందేసుకుని కూర్చున్నాను. ఒకటి గీకాను, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చి పుల్ల. అంతే. ఇంకోటి గీకాను. పది గీకాను. అటు చూస్తే నువ్వు బావగారి కుర్చీలో కూర్చుని ట్యాగులు రాస్తున్నావు. ఆయన పోయి మూడు నెలలు కాలేదు. మీరు చెప్పండి మావయ్యా, నేను రాస్తాను అన్నావు. నాకు తెలియడం లేదని ఆ రోజు చెబితే ఆరు వందలూ పారెయ్యాలి, ఆ ఏడు సరుకు పోతుంది, నువ్వు కుర్చీలోంచి లేచిపోతావు అనిపించింది. లావు పుల్లల్ని కొబ్బరి అన్నాను, సన్నవాటిని సువర్ణరేఖ అన్నాను. నువ్వు రాసుకున్నావు. ముప్ఫై ఏళ్ళలో తెలియకుండా చెప్పింది అదొక్కసారే.

ఆ తరువాతి ఏడు పుల్లలు నేనే తోటకి వెళ్ళి చెట్టు దగ్గర నిలబడి కోయించుకుని, దారిలో ఎవరి చేతికీ ఇవ్వలేదు. కానీ రోజూ భయమే. అందుకే మానేసి ఇక్కడికి వచ్చేశాను. ఇప్పుడు అమ్ముతున్న మొక్కలకి ఢోకా లేదు, తలుపులమ్మ జాగ్రత్త మనిషి. 2022లో అమ్మిన కొబ్బరీ సువర్ణరేఖా మాత్రమే అనుమానం.

నీ బోర్డు మీద ఏ ముక్కుని రాశావో ఆ ముక్కు లేదు. పేరు కొట్టేయమన్నది అందుకు. మిగతాది నీ ఇష్టం. నన్ను ఏమన్నా పడతాను.

బుల్లిరాజు

---

కడియం,
జూన్ 10.

మావయ్యా,

ఉత్తరం అందింది.

నాలుగేళ్ళు నన్ను ఆ ట్యాగుల మీద నమ్మకంతో కూర్చోబెట్టారు. గంగాధర్ గారిని అబద్ధాలకోరు అనుకున్నాను. ఆయన భార్యకి ఆవకాయ పెట్టడం రాదన్నాను. ఏప్రిల్లో మీరు ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు. నేను లేచిపోతానని మీరెలా అనుకున్నారు? నన్ను అడిగారా?

బోర్డు దించేశాను. ఇప్పుడు ఇంకేమీ రాయలేను.

నాగదుర్గ

---

కడియం,
జూన్ 21.

మావయ్య గారికి,

మీ నుంచి ఉత్తరం లేదు. నేను రాసిన దానికి మీరేం రాస్తారులెండి. అమ్మకి సంగతి చెప్పాను. ఆవిడ నా మీదే కోప్పడింది. ఆ ఏడు మా అన్నయ్య మనకోసం మంచం మీద నుంచి లేచి వచ్చి కూర్చున్నాడు, అది మర్చిపోయావా అంది. మర్చిపోలేదు. కోపం కూడా పోలేదు. రెండూ ఉన్నాయి.

జరిగింది చెబుతాను. పద్నాలుగో తేదీన ఉదయభాస్కర్ గారు వచ్చారు. కాగితాలు బల్ల మీద ఉన్నాయి. ఇప్పటి మొక్కలకి ఢోకా లేదని మీరే రాశారు కాబట్టి సంతకం పెట్టినా తప్పు లేదు. రాత్రంతా అదే నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆయన, ఇంతవరకు మీ కొబ్బరి ఎప్పుడూ తేడా రాలేదు కదండి అని అడిగారు. మామూలుగా, కాఫీ తాగుతూ అడిగారు. నేను వచ్చిందండి అన్నాను. ఉన్నదంతా చెప్పాను. ఆయన చాలాసేపు విని, 'మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదండీ' అన్నారు. మెచ్చుకున్నారనుకున్నాను. లేచి నమస్కారం పెట్టి వెళ్ళి పక్క గేటులో కారు ఆపారు. ఎనిమిది వందల మొక్కలూ గణేష్‌బాబు దగ్గర తీసుకున్నారు, ఏ కాగితమూ లేకుండా.

ఆ సాయంత్రం బాగా ఏడ్చాను. మర్నాడు తణుకు బస్సు ఎక్కాను. రత్నమాణిక్యం గారి దగ్గరికి వెళ్ళి, కొట్లో నలుగురు కూర్చుని ఉండగానే, ఆవకాయలో తప్పు లేదండి, తప్పు మా మొక్కది, ఆ మాట అన్నందుకు క్షమించండి అన్నాను. ఆవిడ కూర్చోమన్నారు. అన్నం పెట్టారు. విస్తట్లో ఆ మెత్తబడ్డ ఆవకాయే వేశారు, బాకీ తీర్చుకున్నట్టు. మొత్తం తిన్నాను.

బిల్లు పుస్తకంలో ఆ ఏడు ఫోను నంబరు ఇచ్చిన ఇళ్ళు ముప్ఫై ఎనిమిది ఉన్నాయి. అన్నింటికీ ఫోను చేస్తున్నాను. కొందరికి ఇంకా కాపు రాలేదు. ఒకాయన మాట వినకుండానే తిట్టారు. మరొకాయన, సువర్ణరేఖ అని కొంటే కొబ్బరి వచ్చింది, మా ఇంట్లో దానికే సంబరం, ముట్టుకోవద్దన్నారు. ఇప్పుడు వీళ్ళకి ఏం చెయ్యాలి? కొత్త మొక్క ఇస్తే మళ్ళీ నాలుగేళ్ళు. ఉన్న చెట్టు కొట్టేయమనడానికి నోరు రావడం లేదు.

దుర్గ

---

సామర్లకోట,
జూన్ 25.

చిరంజీవి దుర్గకు,

మావయ్య ఆశీస్సులు. నీ కోపం ఉత్తరం ఇరవై సార్లు చదివాను. నన్ను అడిగారా అన్నావు చూడు, అడగలేదు. చిన్నపిల్లవనుకున్నాను. అప్పటికే నాకంటే పెద్దదానివయ్యావు.

నీకు రాశాక మీ వదినకి కూడా చెప్పాను. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆవిడ వంట వాసనకే కడుపు నిండుతోందని పొగుడుతున్నాను కదా. తనకి ఎప్పుడో తెలుసట. ఒకసారి పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే నేను పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నానట. మీ అంతట మీరు చెబుతారని చూస్తున్నాను నాన్నా అంది.

చెట్టు కొట్టక్కర్లేదు. తల మార్చవచ్చు. మూడేళ్ళ చెట్టు అంటే వేరు బాగా దిగి ఉంటుంది. ఈ వానలకి కొమ్మలు మూరెడు ఉంచి కోయమని అందరికీ చెప్పు. కోసిన చోట సున్నం, మైలుతుత్తం కలిపి రాయాలి. రెండు నెలల్లో కొత్త చిగుళ్ళు వస్తాయి. నాలుగు మంచివి ఉంచి, వాటి మీద కొబ్బరి అంటు కడితే రెండేళ్ళకే కాయ. అమ్మిన మొక్క కోసం ఇంటికి వెళ్ళి కట్టిన నర్సరీ మన రోడ్డు మీద నేను చూడలేదు. నేను వచ్చి కడతాను. చేతులు బాగానే ఉన్నాయి. నాకు కూలి వద్దు, బస్సు ఛార్జీలు మాత్రం నువ్వే పెట్టుకో.

రకం చూడవలసింది నువ్వు. ఇంకెవరూ కాదు. నేర్చుకో. కాపు రాని ఇళ్ళల్లో లేత ఆకు నలిపి చూడు, పుల్ల అయితే బెరడు పచ్చగా కనపడేంత గీకు. సువర్ణరేఖ గుప్పున వస్తుంది, కర్పూరం పొట్లం విప్పినట్టు, వెనకాల కొంచెం తీపి. కొబ్బరి అలా ముందుకు రాదు. ముందు పచ్చి వాసనే అనిపిస్తుంది. తొందరపడకు. ఊపిరి వదిలి మళ్ళీ పీలిస్తే లేత కొబ్బరి పీచు వలిచినప్పటి చల్లదనం ఒకటి తగులుతుంది. బంగినపల్లికి జీడి ఘాటు ఎక్కువ. రోజుకి పదికి మించి చూడకు, ముక్కు మొద్దుబారుతుంది. మధ్యలో చన్నీళ్ళతో మొహం కడుక్కో. ఉదయం ఎండ రాకముందు చూస్తే బాగా తెలుస్తుంది.

ఇవన్నీ రాస్తుంటే ఒక్కొక్కటీ గుర్తొస్తోంది కానీ తగలడం లేదు. అయినా తప్పు రాయలేదని నమ్మకం ఉంది. తల్లి చెట్ల దగ్గరికి వెళ్ళి సరిచూసుకో.

మావయ్య

---

తణుకు,
సెప్టెంబరు 3.

చిరంజీవి దుర్గకు,

ఆశీస్సులు. తలుపులమ్మా నేనూ ఈ నాలుగు రోజుల్లో పదకొండు ఇళ్ళు పూర్తి చేశాం. నువ్వు వాసన చూసి పంపిన కట్టలు తడిగుడ్డలో అలాగే ఉన్నాయి. రెండు కట్టల మీద అనుమానం అని రాశావు, వాటిని వాడలేదు. తెలియనప్పుడు తెలియదని రాశావు కాబట్టి మిగిలినవాటిని నమ్మి కట్టాను.

గంగాధర్ గారింట్లో మొదటి చెట్టు అయ్యాక ఆయన నాకు కుర్చీ వేసి, మీరేనా బోర్డు మీద ఉన్న బుల్లిరాజు గారు అన్నాడు. అవునండి, ఈ తప్పు కట్టింది నేనే అన్నాను. తలుపులమ్మ గట్టిగా అరిచి చెబితే తెలిసింది, ఆయన ఏమన్నాడో. 'రెండో చెట్టు అలాగే ఉంచండి, పండు బాగుంది' అన్నాడట. రత్నమాణిక్యం గారు మాత్రం ఒప్పుకోలేదు. రెండూ మార్చాల్సిందే అంది. మార్చాను.

ఒక ఇంట్లో తలుపు తియ్యలేదు. గేటు బయట గంట నిలబడి వచ్చేశాం. వాళ్ళ చెట్టు గోడ మీద నుంచి కనపడుతోంది, కొమ్మలు కొయ్యలేదు. అది అలాగే ఉంటుంది మరి. ఏం చేస్తాం.

ఇక్కడ అయ్యాక మిగిలిన ఇళ్ళు మండపేట వైపు. నేను సామర్లకోట వెళ్ళకుండా నేరుగా కడియం వస్తాను. నా మంచం షెడ్డులో వెయ్యి, ఇంట్లో వద్దు. చెల్లాయి నన్ను కూర్చోబెట్టి సేవలు చేస్తానంటుంది.

మావయ్య

---

కడియం,
నవంబరు 18.

మావయ్య గారికి,

నమస్కారాలు. దీపావళికి వదిన దగ్గరికని వెళ్ళి నెల రోజులైంది. తలుపులమ్మ రోజూ అడుగుతోంది. ఆవిడకి మీరు లేకపోతే తిట్టేవాళ్ళు లేక తోచడం లేదట.

ఆసామి నిర్ణయం చెప్పేశాడు. రోడ్డు వైపు ఎకరం గణేష్‌బాబుకి, వెనకాల ఎకరం మనకి. నేను వాదించలేదు. ఈ వానాకాలం అమ్మకం పోయినేడు కంటే తక్కువే, మనం తణుకు, మండపేట తిరిగిన రోజుల్లో ఇక్కడ గేటు సగం మూసే ఉంది. నాన్న కుర్చీ వెనక్కి జరిపించాను. ఇకనుంచి మన దగ్గరికి రావాలంటే ఎవరైనా అతని నర్సరీ పక్కనున్న బాట వెంబడి రెండొందల అడుగులు నడవాలి. అమ్మ ఒక పూట అన్నం మానేసింది. నేను కూడా బాగానే దిగులుపడ్డాను. దాచడం ఎందుకు.

మనం ఇళ్ళకి వెళ్ళి కట్టిన సంగతి రోడ్డంతా తెలిసింది. గణేష్‌బాబు దాన్ని బాగా వాడుకుంటున్నాడు. బాట వైపు తిరిగిన వాళ్ళందరినీ ఆపి, వెనక నర్సరీకి వెళ్ళకండి, వాళ్ళు కొబ్బరి అని చెప్పి సువర్ణరేఖ అమ్మారు, ఊళ్ళు తిరిగి క్షమాపణలు చెప్పుకున్నారు అంటున్నాడట. అందులో అబద్ధం లేదు కాబట్టి వెళ్ళి దెబ్బలాడటానికీ లేదు. వారం రోజులు మనిషి రాలేదు. మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ కూర్చున్నాను.

నిన్న పొద్దున ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో గొడుగు, బురదలో చెప్పులు పట్టుకుని నడిచి వచ్చింది. అతను ఆవిడకీ చెప్పాడట. ఆవిడ మొక్కల వైపు చూడలేదు, నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

'తప్పు మొక్క అమ్మామని మీ అంతట మీరే ఇళ్ళకెళ్ళి చెప్పారట, అది మీరేనా అండి?' అంది.

 ఇంత దూరం తిట్టడానికి నడిచి వచ్చిందనుకున్నాను. 'మేమేనండి' అన్నాను.

'అయితే కొబ్బరి అంటులు పన్నెండు ఇవ్వండి. మా తమ్ముడికి, మా అక్కకి, నాకు' అంది.

పన్నెండూ ఆవిడ ముందే ఒక్కొక్కటీ ఆకు నలిపి చూసి, మంచివి ఏరి ఇచ్చాను. పూచీ కాగితం రాయడానికి పెన్ను తీస్తే, కాగితం ఎందుకమ్మా, వద్దులే అని గొడుగు చంకలో పెట్టుకుని మొక్కలు ఎత్తుకుంది.

మీ
దుర్గ